జెస్సీ రొబ్రెడో

జెస్సీ మానలస్తాస్ రొబ్రెడో (మే 27, 1958 - ఆగస్టు 18, 2012) ఫిలిప్పీన్స్ దేశానికి చెందిన రాజకీయ నాయకుడు. లుజాన్ ద్వీపంలోని నాగా నగరానికి ఆరు పర్యాయాలు మేయర్‌గా ఎన్నికయ్యాడు. 2010 నుండి మరణించేవరకు ఆ దేశ అంతరంగిక, స్థానిక ప్రభుత్వ వ్యవహారాల శాఖకు కార్యదర్శిగా పనిచేశాడు. ఫిలిప్పీన్స్‌లో కార్యదర్శి పదవి మన దేశంలోని మంత్రి పదవికి సమానం. 2000లో ప్రభుత్వ సేవా విభాగంలో రామన్ మెగసెసే పురస్కారం పొందాడు. ఈ పురస్కారం పొందిన తొలి ఫిలిప్పీన్స్ మేయర్ ఈయనే. ఒక చిన్న నగరంలో విజయవంతమైన పాలనా పద్ధతులు దేశమంతటికీ ఎంతవరకు వర్తిస్తాయనే ప్రశ్నకు ఈయన జీవితాన్ని ఉదాహరణగా చూపవచ్చు.

తొలి జీవితం

రొబ్రెడో బికోల్ ప్రాంతంలోని కమరినెస్ సుర్ రాష్ట్రానికి చెందిన నాగాలో జన్మించాడు. ఈ నగరం రాజధాని మనీలాకు ఆగ్నేయంగా ఉంది. పెన్యాఫ్రాన్సియా మాత ఉత్సవం వలన ప్రసిద్ధి చెందింది. ఈయన మనీలాలోని డి లా సాల్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదివి, శాన్ మిగ్యుయెల్ అనే పెద్ద సంస్థలో ఉద్యోగం చేశాడు. 1986లో స్వస్థలానికి తిరిగివచ్చి బికోల్ నదీ పరీవాహక అభివృద్ధి పథకంలో చేరాడు. అక్కడే పనిచేస్తున్న లెనీ హెరోనాను 1987లో వివాహం చేసుకున్నాడు. వీరికి ముగ్గురు కుమార్తెలు.

రాజకీయ నేపథ్యం

1986 ఫిబ్రవరిలో జరిగిన ప్రజా ఉద్యమం వలన ఫెర్డినాండ్ మార్కోస్ నియంతృత్వం ముగిసి కొరజాన్ అక్వినో అధ్యక్షురాలయింది. 1987లో అమలులోకి వచ్చిన కొత్త రాజ్యాంగం ప్రకారం 1988 జనవరిలో స్థానిక ఎన్నికలు జరిగాయి. స్థానిక పదవులలో ఒకే వ్యక్తి వరుసగా మూడు పర్యాయాలకు మించి కొనసాగరాదని ఈ రాజ్యాంగం నిర్దేశించింది.

1991లో ఆమోదించిన స్థానిక ప్రభుత్వ స్మృతి మరొక ముఖ్యమైన మార్పు. ఆరోగ్యం, వ్యవసాయ విస్తరణ, సాంఘిక సంక్షేమం మొదలైన సేవలలో అధిక భాగాన్ని ఈ చట్టం స్థానిక సంస్థలకు బదలాయించింది. దేశీయ పన్నుల రాబడిలో 40 శాతం వాటాను కూడా వాటికి కేటాయించింది. భారతదేశంలో 73, 74వ రాజ్యాంగ సవరణలు దాదాపు ఇదే కాలంలో (1992) వచ్చాయి. అధికారాలు, నిధులు స్థానిక సంస్థలకు చేరడం వలన మేయర్ పదవికి ప్రాధాన్యత పెరిగింది. అయితే అనేక ప్రాంతాలలో ఈ అధికారం కొన్ని కుటుంబాల చేతిలోనే కేంద్రీకృతమైంది.

నాగా మేయర్‌గా

1988 ఎన్నికలలో రొబ్రెడో 29 సంవత్సరాల వయసులో మేయర్‌గా ఎన్నికయ్యాడు. ఈ విజయానికి సమీప బంధువు, స్థానికంగా బలమైన నాయకుడు అయిన లూయిస్ విల్యాఫుయెర్తే మద్దతు తోడ్పడింది. అనతికాలంలోనే వీరిద్దరి మధ్య విభేదాలు ఏర్పడి, తరువాతి ఎన్నికలలో రెండు వర్గాలు ప్రత్యర్థులుగా తలపడ్డాయి. రొబ్రెడో పూర్వీకులలో చైనీయులు ఉన్నందున ఈయన పౌరసత్వాన్ని కూడా ప్రత్యర్థులు ప్రశ్నించారు. ఆ ఫిర్యాదులు నిలబడలేదు.

అప్పట్లో నాగా జనాభా సుమారు 1,20,000. రాబడి క్షీణించడం వలన నగరం మొదటి తరగతి నుండి మూడవ తరగతికి దిగజారింది (ఫిలిప్పీన్స్‌లో నగరాలను ఆదాయాన్ని బట్టి తరగతులుగా విభజిస్తారు). నగరం నడిబొడ్డున వాహనాల రద్దీ, జూదగృహాలు, ఖాళీ స్థలాలలో వేలాది గుడిసెలు ఉండేవి.

రొబ్రెడో మొదట నగర కార్యాలయాన్ని సంస్కరించాడు. సిఫారసులకు బదులుగా ప్రతిభ ఆధారంగా నియామకాలు, పదోన్నతులు జరిగే పద్ధతిని ప్రవేశపెట్టాడు. జూద నిర్వాహకులపై చర్యలు తీసుకున్నాడు. బస్సు, జీప్నీ స్టాండులను నగరం వెలుపలికి తరలించాడు. దీనివలన రద్దీ తగ్గడమే కాక, శివారు ప్రాంతంలో కొత్త వ్యాపారాలు వెలిశాయి. 1990 నాటికి నాగా తిరిగి మొదటి తరగతి నగరమైంది.

నిరుపేదల ఇండ్ల స్థలాల కొరకు చేపట్టిన "కాంతబాయ్ సా కవుస్వగాన్" (అభివృద్ధిలో భాగస్వామి) పథకం ఈ కాలంలో పేరుపొందింది. ఇతరుల స్థలంలో గుడిసెలు వేసుకున్నవారిని బలవంతంగా ఖాళీ చేయించడానికి బదులు, స్థల యజమానిని, నివాసులను, నగర ప్రభుత్వాన్ని ఒకచోట కూర్చోబెట్టి ఒప్పందం కుదర్చడం ఇందులో ప్రధానాంశం. 2000 నాటికి 4,500కు పైగా కుటుంబాలు ఈ పథకం ద్వారా సొంత స్థలాలకు చేరుకున్నాయి.

రొబ్రెడో అంగరక్షకులు లేకుండా తిరిగేవాడు. తుఫాను వెలిసిన తరువాత తానే పార పట్టుకుని వీధులలో బురద ఎత్తేవాడు. మామూలు హవాయి చెప్పులతో మురికివాడలకు వెళ్ళే ఈయన అలవాటును బట్టి "త్సినెలాస్ నాయకత్వం" అనే మాట వాడుకలోకి వచ్చింది. ఫిలిపినో భాషలో త్సినెలాస్ అంటే చెప్పులు.

ప్రజామండలి

రొబ్రెడో చేపట్టిన పనులలో అత్యంత విశిష్టమైనది నాగా ప్రజామండలి. 1992 ఎన్నికలలో ఈయన బలపరచిన అభ్యర్థులే నగరమండలిని పూర్తిగా గెలుచుకున్నారు. ప్రతిపక్షం లేని చోట మేయర్‌ను ప్రశ్నించేవారు ఎవరనే సమస్య ఇలాంటప్పుడు సహజంగా తలెత్తుతుంది.

1995లో నగరమండలి ప్రజాసాధికారత శాసనాన్ని ఆమోదించింది. దీని ప్రకారం గుర్తింపు పొందిన స్వచ్ఛంద సంస్థలు, రైతులు, కార్మికులు, మహిళలు, పట్టణ పేదల సంఘాలు కలసి ఒక మండలిగా ఏర్పడ్డాయి. ఈ మండలి ప్రతినిధులకు నగర ప్రభుత్వ సంఘాలలో స్థానం లభించింది. వీరు కేవలం సలహాదారులు కారు. పథకాల రూపకల్పన, అమలు, మదింపు దశలలో చర్చించే హక్కు, ఓటు వేసే హక్కు కూడా వీరికి ఉంది. మేయర్ మంచితనంపై ఆధారపడిన సంప్రదింపు శాసనబద్ధమైన హక్కుగా మారడం ఇందులోని ముఖ్య విషయం.

సమర్థ పాలనకు, ప్రజలతో అధికారాన్ని పంచుకోవడానికి మధ్య వైరుధ్యం లేదని నిరూపించినందుకు 2000లో రొబ్రెడోకు మెగసెసే పురస్కారం ప్రకటించారు. అదే సంవత్సరం సామాజిక నాయకత్వ విభాగంలో ఈ పురస్కారాన్ని పొందినది భారతదేశంలో సమాచార హక్కు ఉద్యమ సారథి అరుణా రాయ్. రాజస్థాన్ గ్రామాలలో ప్రజలు పనుల లెక్కలు చూపమని ప్రభుత్వాన్ని నిలదీస్తే, నాగాలో నగర ప్రభుత్వమే ప్రజలను పాలక సంఘాలలోకి ఆహ్వానించింది. మార్గాలు వేరైనా ప్రజాధనం గురించి తెలుసుకునే హక్కు ప్రజలదే అన్న సూత్రం రెండింటికీ సమానం.

విరామం, పునరాగమనం

మూడు పర్యాయాల పరిమితి వలన 1998లో రొబ్రెడో పదవి నుండి వైదొలగాడు. ఇటువంటి సందర్భాలలో భార్యనో, సోదరుడినో, సంతానాన్నో నిలబెట్టడం ఫిలిప్పీన్స్‌లో సాధారణం. రాజకీయ వారసత్వాన్ని నిషేధించాలని 1987 రాజ్యాంగం పేర్కొన్నా, అందుకు అవసరమైన సమగ్ర చట్టాన్ని పార్లమెంటు దశాబ్దాల తరబడి చేయలేదు. రొబ్రెడో మాత్రం కుటుంబ సభ్యులను పోటీకి దింపలేదు. ఈ విరామంలో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రజాపాలనలో స్నాతకోత్తర పట్టా పొందాడు.

2001లో తిరిగి మేయర్‌గా ఎన్నికై 2010 వరకు కొనసాగాడు. ఈ దశలో పౌరపత్రం ముఖ్యమైనది. నగర కార్యాలయంలో లభించే ప్రతి సేవకు ఏ పత్రాలు కావాలో, ఎంత రుసుము చెల్లించాలో, ఎంత సమయం పడుతుందో, బాధ్యుడైన ఉద్యోగి ఎవరో ఇందులో ముద్రించి ప్రజలకు అందజేశారు. నగర ఆదాయ వ్యయాలను అంతర్జాలంలో ఉంచారు. 2007లో వచ్చిన జాతీయ చట్టం ఇటువంటి పౌరపత్రాలను దేశంలోని ప్రభుత్వ కార్యాలయాలన్నింటికీ తప్పనిసరి చేసింది.

జాతీయ పదవిలో

2010 అధ్యక్ష ఎన్నికలలో గెలుపొందిన మూడవ బెనిగ్నో అక్వినో రొబ్రెడోను అంతరంగిక, స్థానిక ప్రభుత్వ వ్యవహారాల శాఖ కార్యదర్శిగా నియమించాడు. రాష్ట్రాలు, నగరాలు, పట్టణాలు, బరంగాయ్‌లు (గ్రామస్థాయి సంస్థలు) ఈ శాఖ పర్యవేక్షణలో ఉంటాయి. జాతీయ పోలీసు దళం కూడా ఈ శాఖ పరిధిలోనిదే.

స్థానిక సంస్థల విషయంలో నాగా అనుభవాన్ని రొబ్రెడో దేశవ్యాప్తంగా విస్తరింపజేశాడు. బడ్జెట్టు, కొనుగోళ్ళు, కేంద్ర నిధుల వినియోగం వివరాలను ప్రతి స్థానిక సంస్థ బహిరంగంగా ప్రకటించాలని ఆదేశించాడు. ఆర్థిక నిర్వహణ, పారదర్శకతలలో నిర్ణీత ప్రమాణాలు అందుకున్న సంస్థలకు ప్రత్యేక గుర్తింపు ముద్రను, దానితో పాటు ప్రోత్సాహక నిధులను ఇచ్చే పద్ధతిని ప్రవేశపెట్టాడు.

పోలీసు వ్యవహారాలలో పరిస్థితి ఇందుకు భిన్నం. ఆ బాధ్యతను అధ్యక్షుడు ప్రధానంగా ఒక ఉపకార్యదర్శికి అప్పగించాడు. 2010 ఆగస్టు 23న మనీలాలో ఒక మాజీ పోలీసు అధికారి పర్యాటకుల బస్సును నిర్బంధించిన ఘటనలో హాంగ్‌కాంగ్‌కు చెందిన ఎనిమిది మంది మరణించారు. పోలీసు దళం పేరుకు రొబ్రెడో శాఖలో ఉన్నా, నిజమైన అధికారం ఈయన చేతిలో లేదని ఆ తరువాత బయటపడింది.

కార్యదర్శుల నియామకాన్ని పార్లమెంటు సభ్యులతో కూడిన నియామకాల సంఘం ఆమోదించాలి. రొబ్రెడో నియామకం అక్కడ పదేపదే వాయిదా పడింది. మరణించేనాటికి కూడా ఆ ఆమోదం లభించలేదు.

మరణం

2012 ఆగస్టు 18న రొబ్రెడో సెబు నగరం నుండి నాగాలోని ఇంటికి చిన్న విమానంలో బయలుదేరాడు. మార్గమధ్యంలో సాంకేతిక లోపం తలెత్తగా మస్బాతే విమానాశ్రయంలో అత్యవసరంగా దింపడానికి ప్రయత్నించారు. విమానం తీరానికి సమీపంలో సముద్రంలో కూలిపోయింది. రొబ్రెడో, ఇద్దరు పైలట్లు మరణించారు. సహాయకుడు ఒక్కడే ప్రాణాలతో బయటపడ్డాడు. రొబ్రెడో మృతదేహం ఆగస్టు 21న లభించింది. నాగాలో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. తరువాత ఆగస్టు 18వ తేదీని చట్టం ద్వారా జెస్సీ రొబ్రెడో దినంగా ప్రకటించారు.

మరణానంతర పరిణామాలు

న్యాయవాది అయిన లెనీ రొబ్రెడో 2013లో విల్యాఫుయెర్తే కుటుంబ అభ్యర్థిని ఓడించి పార్లమెంటు దిగువసభకు ఎన్నికైంది. 2016లో ఫెర్డినాండ్ మార్కోస్ జూనియర్‌పై 2,63,473 ఓట్ల ఆధిక్యంతో ఉపాధ్యక్షురాలయింది. ఈ ఫలితంపై మార్కోస్ వేసిన పిటిషనును ఎన్నికల ట్రిబ్యునల్ 2021లో కొట్టివేసింది. 2022 అధ్యక్ష ఎన్నికలలో ఆమె అదే ప్రత్యర్థి చేతిలో భారీ తేడాతో ఓడిపోయింది. 2025 మే ఎన్నికలలో నాగా మేయర్‌గా ఎన్నికై, ఆ పదవి పొందిన తొలి మహిళగా నిలిచింది. కుటుంబ వారసత్వానికి దూరంగా ఉన్న నాయకుని భార్య అదే పదవికి రావడం గమనార్హం. అయితే ఆమె రాజకీయ ప్రవేశం భర్త జీవించి ఉండగా జరిగినది కాదు.

విశ్లేషణ

1988 స్థానిక ఎన్నికలలో మేయర్లుగా గెలిచినవారిలో దావావ్‌కు చెందిన రొడ్రిగో దుతెర్తే కూడా ఉన్నాడు. కఠిన శాంతిభద్రతల నాయకునిగా పేరుపొందిన దుతెర్తే 2016లో అధ్యక్షుడయ్యాడు. మాదకద్రవ్యాలపై ప్రకటించిన యుద్ధంలో జరిగిన హత్యలకు సంబంధించి అంతర్జాతీయ నేర న్యాయస్థానం జారీ చేసిన వారంటుపై 2025 మార్చిలో అరెస్టయ్యాడు. ఇద్దరూ నగర పాలన నుండే జాతీయ స్థాయికి చేరారు. దుతెర్తే విధానం నాయకుని వ్యక్తిగత అధికారంపై ఆధారపడగా, రొబ్రెడో విధానం ఆ అధికారానికి లిఖితపూర్వకమైన హద్దులు ఏర్పరచడంపై ఆధారపడింది.

రొబ్రెడో పద్ధతికి పరిమితులు లేకపోలేదు. నాగా వంటి చిన్న నగరంలో మేయర్‌కు నగరమండలి మద్దతు పూర్తిగా ఉండేది. జాతీయ పదవిలో అటువంటి బలం లేకపోవడం వలన పోలీసు దళంపై పట్టు గాని, నియామకానికి ఆమోదం గాని లభించలేదు. వ్యక్తిగత ప్రతిష్ఠ, నిరాడంబరత ఈ లోటును తీర్చలేకపోయాయి. అయితే కాగితంపై నియమాలుగా రూపుదిద్దుకున్నవి నిలిచాయి. ప్రజామండలి శాసనం ఈయన తరువాతి మేయర్ల కాలంలోనూ కొనసాగింది. స్థానిక సంస్థల గుర్తింపు ముద్ర మరింత విస్తృతమై 2019లో చట్టరూపం దాల్చింది. నగరం నుండి దేశానికి చేరినది రొబ్రెడో అధికారం కాదు, ఆ అధికారాన్ని లెక్క అడిగే సాధనాలు.