కన్నం వేయడం వచ్చు, అడగడమే రాదు

ఫైర్‌వాల్‌ని దాటినవాణ్ణి మన క్లాసులో హీరోలా చూస్తాం. ఈ వేసవి ఇంటర్న్‌షిప్ దాకా నేనూ అంతే.

ఆఫీసు హైదరాబాద్‌లో. నా ప్రాజెక్ట్ కోడ్ ఉన్న కంప్యూటరేమో నంద్యాలలో, మా ఇంట్లో. ఎస్‌ఎస్‌హెచ్‌తో ఇంటికి కనెక్ట్ అవుదామంటే ఆఫీసులో 22వ పోర్ట్ బ్లాక్. 443 మాత్రం తెరిచే ఉంది. అది మూస్తే వెబ్‌సైట్లే రావు కదా! ఇంకో చిక్కు: మా ఇంటి కనెక్షన్‌కి సొంత పబ్లిక్ ఐపీ లేదు. ఒకే ఐపీని ప్రొవైడర్ చాలా ఇళ్లకు పంచుతాడు. బయటి నుంచి నేరుగా లోపలికి రాలేం. అందుకని ఒక చిన్న సర్వర్ అద్దెకు తీసుకున్నా. ఇంటి కంప్యూటర్ తనే బయటికొచ్చి ఆ సర్వర్‌కి రివర్స్ టన్నెల్ వేస్తుంది. నేను ఆఫీసు నుంచి 443 మీదుగా ఆ సర్వర్‌కి వెళ్తా. పనిచేసింది! రెండు రోజులు గాల్లో తేలాను.

మూడో రోజు తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, కొత్త గేమ్ క్రాక్ వేశాక కంప్యూటర్‌లో ఏవేవో వాటంతటవే ఓపెన్ అవుతున్నాయి."

గుండె జారిపోయింది. ఆ కంప్యూటర్ నుంచే ఆఫీసు ల్యాప్‌టాప్‌లోకి ఫైళ్లు కాపీ చేశాను. పైగా నా కమాండ్‌లో ఇంకొక్క ఆప్షన్ చేరిస్తే చాలు, అదే టన్నెల్‌లో ఇంటి నుంచి ఆఫీసు లోపలికీ దారి పడుతుంది. పాస్‌వర్డ్‌ల దొంగతనం జరిగాక, 1995లో ఫిన్లాండ్‌లో టాటు యూలోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. తాళంగా పుట్టినదాన్ని నేను గునపంలా వాడాను.

వెళ్లి నెట్‌వర్క్ సార్‌కి చెప్పేశాను. ల్యాప్‌టాప్ తీసుకుని అంతా చెక్ చేశారు. ఏమీ దొరకలేదు. ఇంటర్న్‌షిప్ పోతుందనుకున్నా. ఆయన ఒక్కటే అడిగారు: "ముందే అడిగుంటే ఏమయ్యేది?"

ఏమయ్యేదో తర్వాత తెలిసింది. సొంత ల్యాప్‌టాప్, ఫోన్ హాట్‌స్పాట్ వాడుకోమన్నారు. అదే టన్నెల్, అదే ఇల్లు. ఆఫీసు నెట్‌వర్క్ మాత్రం మధ్యలో లేదు.

తప్పు నాదే. కానీ రూల్స్ పెట్టేవాళ్లకీ ఒక మాట. "బ్లాక్డ్" అని మాత్రమే కనిపిస్తే మాలాంటివాళ్లకి అదొక పజిల్. ఎందుకు మూశారో ఒక లైను, అవసరమైతే ఎవర్ని అడగాలో ఒక పేరు రాసి పెట్టండి చాలు. సగం మంది కన్నం మానేసి తలుపు తడతారు.

మిగతా సగం ఈ వ్యాసం చదువుతున్నారనుకుంటా. బాబూ, ముందు మీ తమ్ముడికి ఒకసారి ఫోన్ చెయ్యండి.