మొదటి ఆల్బమ్‌కి మన చెవులెందుకు మూసుకుపోతాయి?

సిద్ శ్రీరామ్ పాడిన సినిమా పాటలు నాలుగు చెప్పమంటే మన టీముల్లో ఎవరైనా టకటకా చెప్పేస్తారు. 'గీత గోవిందం'లో ఒకటి, 'అల వైకుంఠపురములో' ఒకటి, 'పుష్ప'లో ఒకటి... అదే మనిషి 2019లో విడుదల చేసిన తన మొట్టమొదటి సొంత ఆల్బమ్ పేరేంటని అడిగి చూడండి. నిశ్శబ్దం! నేను లంచ్ టేబుల్ దగ్గర అడిగాను. ఒక్కరు కూడా చెప్పలేకపోయారు. దాని పేరు 'ఎంట్రోపీ'. సోల్, ఆర్ అండ్ బీ మీద కర్ణాటక సంగీతం నీడ పడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

"అది ఇంగ్లీషు ఆల్బమ్ కదా, మనకెందుకు?" అన్నాడొక మిత్రుడు. అయ్యా, తమరి ఫోన్లో అడెల్ పాటలు తెలుగులో ఉన్నాయా? :) కాబట్టి సమస్య భాష కాదు. ఆయన తెలుగు ఉచ్చారణ మీద గంటలు గంటలు పేచీలు పెట్టుకునే మనం, ఆయన సొంత గొంతు ఏం చెబుతోందో వినడానికి మాత్రం ఒక గంట కూడా పెట్టలేదు.

ఇప్పుడు అవతలి దేశం కథ చూద్దాం. న్యూయార్కు అమ్మాయి అలీషియా కీస్ ఏడేళ్ళ వయసు నుంచీ పియానో నేర్చుకుంది. మొదట కొలంబియా కంపెనీతో ఒప్పందం కుదిరింది కానీ, ఆమె చేసిన పాటలు వాళ్ళకి నచ్చలేదు. క్లైవ్ డేవిస్ అనే పెద్దాయన ఆమెని తీసుకున్నాడు. 2000లో ఆయన జే రికార్డ్స్ పెట్టుకుంటే ఆమె కూడా అక్కడికే వెళ్ళింది. 2001 జూన్‌లో 'సాంగ్స్ ఇన్ ఎ మైనర్' వచ్చింది. ఎక్కువ పాటలు తనే రాసి, తనే ప్రొడ్యూస్ చేసింది. మొదటి వారమే రెండు లక్షల ముప్ఫై వేలకు పైగా కాపీలు అమ్ముడై, బిల్‌బోర్డ్ జాబితాలో నేరుగా ఒకటో స్థానంలో దిగింది. మరుసటి ఏడు 5 గ్రామీలు. అప్పటికి ఆమెకి పట్టుమని ఇరవై రెండేళ్ళు కూడా లేవు.

ఇదంతా ఒట్టి ప్రతిభేనా? కాదు. ఆల్బమ్ రాకముందే క్లైవ్ డేవిస్ స్వయంగా ఓప్రా విన్‌ఫ్రీకి ఉత్తరం రాసి, ఆమె షోలో పాడించాడు. అంటే అక్కడా ప్రచారం ఉంది, డబ్బుంది, పలుకుబడి ఉంది. తేడా ఎక్కడంటే, ఆ హడావుడి అంతా పాడేవాళ్ళ పేరు మీద జరిగింది. మన దగ్గర అదే హడావుడి హీరో పేరు మీద జరుగుతుంది. పాట సినిమాకి ట్రైలర్ లాంటిది. గాయకుడు రెండు గంటలు స్టూడియోలో పాడి, పారితోషికం తీసుకుని వెళ్ళిపోతాడు. పాట నిర్మాతది, ఆ తర్వాత ఆడియో కంపెనీది. మన భాషలో చెప్పాలంటే అదొక ఫిక్స్‌డ్ బిడ్ ప్రాజెక్టు. కోడు రాసింది మనం, ఐపీ క్లయింటుది!

2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి రచయితలకీ, స్వరకర్తలకీ, గాయకులకీ రాయల్టీ హక్కు కల్పించారు. 2013లో గాయకులు తమ సొంత హక్కుల సంఘం పెట్టుకున్నారు. మంచిదే. కానీ చట్టం డబ్బులిప్పించగలదు గానీ శ్రోతల్ని ఇప్పించలేదు కదా.

ఇందులో బాధ కలిగించే విషయం ఇంకొకటుంది. తనే రాసి, తనే స్వరపరిచి, తనే పాడేవాడికి ఇంగ్లీషులో 'సింగర్ సాంగ్‌రైటర్' అని రెండు మాటలు అతికించుకోవాల్సి వచ్చింది. మనకి ఎప్పట్నుంచో ఒకే మాట ఉంది: వాగ్గేయకారుడు. అన్నమయ్య, రామదాసు, త్యాగయ్య... వాళ్ళకి సినిమా లేదు, హీరో లేడు. మొన్నమొన్నటి దాకా ఆ వరస తెగలేదు కూడా. మా ఉమ్మడి మెదక్ జిల్లా తూప్రాన్‌లో పుట్టిన గద్దర్ 2023లో పోయేదాకా పాడుతూనే ఉన్నాడు. గోరటి వెంకన్నకి 2021 సంవత్సరానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆయన పాట ఏ చార్టులో ఎన్నో స్థానంలో ఉందో ఎవరైనా లెక్క పెట్టారా?

మాది జహీరాబాద్. కర్ణాటక సరిహద్దు, బొంబాయి హైవే మీది ఊరు. తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ ఒకే టీ కొట్టు దగ్గర వినిపిస్తాయి. మా ఊరికి దగ్గర్లోనే మాచ్‌నూర్‌లో 2008లో సంఘం రేడియో మొదలైంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల వాళ్ళది. రికార్డింగ్ చేసేదీ, మైకులో మాట్లాడేదీ దళిత ఆడవాళ్ళే. ఆకాశవాణి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పినా, ఇలాంటి సంస్థలకి అనుమతిచ్చే విధానం 2006లో గానీ రాలేదు. అప్పటిదాకా వాళ్ళు ఎదురుచూశారు. జొన్న చేలో కలుపు తీస్తూ పాడుకునే పాటలు వాళ్ళ యాసలోనే, వాళ్ళ పేర్లతోనే గాల్లోకి వెళ్ళాయి.

సోల్ సంగీతం పుట్టింది కూడా ఇలాంటి చోటే కదండీ. నల్లవాళ్ళ చర్చి పాటలూ, బ్లూసూ కలిసి రే చార్లెస్, అరెతా ఫ్రాంక్లిన్ గొంతుల్లో సోల్ అయ్యాయి. అక్కడ ఆ పాటకి చార్టు దాకా దారి వేశారు. ఇక్కడ మా చేలల్లో పాట సినిమావాళ్ళు ఎత్తుకుంటే తప్ప హైదరాబాదు దాకా రాదు. వచ్చాక పాడినావిడ పేరు ఉంటుందో ఉండదో.

నేను సినిమా పాటకి వ్యతిరేకిని కాను. సిరివెన్నెల రాసినవి వింటూనే రాత్రిళ్ళు బిల్డులు పూర్తిచేసేవాణ్ణి. సినిమా లేకపోతే సిద్ శ్రీరామ్ గొంతు మనకి చేరేదే కాదు, అదీ నిజమే. నా గొడవల్లా ఒక్కటే. చేరిన తర్వాతయినా ఆ గొంతు వెనకాల మనిషి ఏం చెప్పుకున్నాడో వినాలా వద్దా? ప్రతి గొంతుకీ ఒక హీరో ముఖం తగిలించుకుని వింటే, ముఖం లేని పాటలు బతికేదెలా?

చార్టు అంటే ఆకాశం నుంచి ఊడిపడేది కాదు, మన క్లిక్కుల మొత్తమే. నెలనెలా మ్యూజిక్ యాప్‌కి డబ్బు కట్టేది మనమే, రోజూ రెండు గంటలు క్యాబుల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చునేదీ మనమే. వారానికి ఒక్క సొంత ఆల్బమ్, ఏ భాషదైనా సరే, మొదటి పాట నుంచి చివరి పాట దాకా షఫుల్ నొక్కకుండా వినండి. నచ్చకపోతే తిట్టండి, పర్లేదు. వినకుండా వదిలేయడం కన్నా అదే మర్యాద.