నట్టు బిగిసిన రోజు

ఇంటికి కారు వచ్చినా నేను సైకిలు మానలేదు. మా ఆవిడ దీన్ని నా పిసినారితనం కింద జమకట్టింది. మొన్న వానలో రెజిమెంటల్ బజార్ చేరేసరికి వెనక చక్రంలో మేకు దిగింది. సైకిలు దుకాణం పెద్దాయన కిరసనాయిలు పోశాడు, పానా వేశాడు, సుత్తితో కొట్టాడు. తుప్పుపట్టిన నట్టు కదిలితేనా!

ఊరికే నిలబడలేక తూల్యో కంపాన్యోలో కథ ఎత్తుకున్నాను. పాఠాలు చెప్పే నోరు కదా!

ఇటలీలో విచెంజా ఆయన ఊరు. తండ్రికి ఇనుప సామాన్ల దుకాణం, కొడుక్కి సైకిలు పందేల పిచ్చి. ఆ రోజుల్లో వెనక చక్రానికి చెరో పక్కా ఒక పళ్ళచక్రం ఉండేది. కొండ ఎదురైతే దిగి, చక్రం ఊడదీసి, తిరగేసి బిగించుకోవాలి. 1927 నవంబరులో క్రోచె దావూనె కనుమ మీద మంచు కురిసి, వేళ్ళు కొంకర్లు పోయి, నట్టు ఊడక పందెం చేజారిందంటారు. ఈ కథను శంకించినవారూ ఉన్నారు లెండి. తరవాత వచ్చిన మీట మాత్రం పచ్చి నిజం. బోలు ఇరుసులో సన్నని కడ్డీ, దాని చివర మీట. మడిస్తే చక్రం బిగుస్తుంది, తెరిస్తే వదులవుతుంది. పానాతో పనే లేదు.

1933లో సొంత కార్ఖానా పెట్టాడు. మొదట్లో పనంతా తండ్రి దుకాణం వెనక గదిలోనేనట. అయితే పందెగాళ్ళు నమ్మాలిగా? టూర్ ద ఫ్రాన్స్ వారు 1937 దాకా గొలుసు జరిపే గేర్లనే ఒప్పుకోలేదు. 1938లో అది గెలిచిన జీనో బార్తాలి, మధ్యన యుద్ధం వచ్చి వెళ్ళాక, 1948లో మళ్ళీ గెలిచాడు, కంపాన్యోలో గేరుతో. ఆ గేరు చూస్తే గుండె జారుతుంది. జీను వెనక, కిందుగా రెండు మీటలు. పోతూ పోతూనే చెయ్యి వెనక్కి చాచి ఒకదానితో చక్రం వదులు చెయ్యాలి, పెడలు వెనక్కి తొక్కుతూ రెండోదానితో గొలుసు జరపాలి, మళ్ళీ బిగించాలి. కొండదారిలో! నాకు రెండు చేతులూ వదిలి గంట కొట్టడమే చేతకాదు.

పెద్దాయన అంతా విని, "ఆయన నాయినకు సొంత దుకాణం ఉండె కద సార్?" అన్నాడు.

"ఉంది."

"మా పిలగాడు గిట్లనే బ్రేకొకటి జేసిండు. నేనే తిట్టి కొలువుకు తోలిన."

అప్పుడే నట్టు టక్కున వదిలింది. ఆయన చక్రం తీయలేదు. బల్ల కింద రేకు డబ్బాలో చాలాసేపు వెదికి, ఏదో గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టాడు.