ఇది బంజరు నేలయేనా?

ఆంగ్ల గ్రంథాలలో సముద్రతీర విహారమంటే కొండకొమ్ము మీది కాలిబాట, క్రింద కెరటాల హోరు. మన నౌపడలో అట్టి కొండకొమ్ము లేదు. ఉన్నది ఉప్పుమళ్ల గట్టు. పక్షులనూ పూలనూ చూడగోరే వారికి అది చాలు.

శీతకాలపు ఉదయాన గట్టుపై నిలిస్తే ఒకవైపు తెల్లని ఉప్పురాసులు, మరొకవైపు తంపర నీరు. ఎర్రకాళ్ల కొంగ సగం తెరచిన ముక్కును నీటిలో ముంచి అటూ ఇటూ కదుపుతూ నడుస్తుంది. అది కంటితో వెదకదు; చేప తగిలిన మరుక్షణమే ముక్కు మూసుకొంటుంది. పైన గూడబాతులు, అనగా మన ఉర్దూ మిత్రుల హవాసిల్‌లు, రెక్క ఆడించకుండానే తేలిపోతుంటాయి. ఈ రెండు జాతులూ సమీపాన తేలినీలాపురం చెట్లపై గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. ఇవి సైబీరియా అతిథులని తరచుగా వ్రాస్తుంటారు. అది పొరపాటు. సైబీరియా ఈ జాతుల నివాసమే కాదు. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచును పరదేశి అనడం వంటిదది!

సముద్రం వైపు నడిస్తే ఇసుకపై మేకడెక్క వంటి ఆకుల బాలబంద తీగ ప్రాకి ఉంటుంది. దాని ఊదారంగు పూలు ఉదయం విచ్చి, ఎండ ముదిరేసరికి వాడిపోతాయి. ప్రక్కనే రావణాసురుని మీసాలు అనే ముళ్లగడ్డి. ఎండిన దాని కంకులు గాలికి బంతులవలె దొర్లుతాయి. ఇసుకను కదలకుండా పట్టి ఉంచేవి ఇవే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరినీ జీడినీ నేలకూల్చడం చూచినవారికి తీరంలో వేరు విలువ చెప్పనక్కరలేదు.

ఇట్టి నేలను కాగితాలపై బంజరని, పనికిరాని చిత్తడి అని వ్రాయడం పరిపాటి. సోంపేట బీలలో థర్మల్ కేంద్రం వద్దన్నందుకు 2010 జూలైలో, కాకరాపల్లి తంపరలో 2011 ఫిబ్రవరిలో పోలీసు కాల్పులు జరిగి పల్లెవాసుల ప్రాణాలు పోయాయి. 2023 ఏప్రిల్‌లో మూలపేట ఓడరేవుకు శంకుస్థాపన అయినది. ఓడరేవు వద్దని నా వాదం కాదు. బ్రతుకుదెరువుకై వలసపోయే యువకుల ముందు ఆ మాట అనడానికి నాకు నోరు రాదు. కాని ఏమేమి పోతున్నదో పట్టిక లేనిదే లాభనష్టాల లెక్క ఎట్లా తేలుతుంది? ఆ పట్టిక వ్రాయవలసిన వారిలో మనమూ ఉన్నామని నా అభిప్రాయం.

సలీం అలీ పసితనంలో తాను తుపాకితో కొట్టిన పిచ్చుక గొంతుపై పసుపుమచ్చ చూచి, ఆ పక్షి పేరేమిటని అడగడానికి బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం గడప త్రొక్కాడు. ఆ బాలుడే 1931-32లో హైదరాబాదు సంస్థానపు పక్షులను పరిశీలించి నమోదు చేశాడు. మన విద్యార్థులకు తుపాకి అవసరం లేదు. కమిటీ పెద్దలు ఒక బైనాక్యులరూ, ఒక దళసరి నోటుపుస్తకమూ ఇప్పిస్తే చాలు. నెలకొక ఆదివారం వెళ్లి తేదీ, చోటు, కనబడిన పక్షులెన్ని, పూచిన పూలేవి అన్నది వ్రాయాలి. పేర్లు తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండాలి. పేరు తెలియనిచోట బొమ్మ గీసి, ఉప్పుమళ్లలో పనిచేసేవారిని అడగాలి. నవంబరులో మొదలుపెట్టవచ్చు. తెల్లవారకముందే బయలుదేరడం మంచిది. పొద్దెక్కితే గట్టుమీద నీడ దొరకదు.