పాత ఇనుప కిటికీలు పీకించేస్తున్నారా?

మా మామగారు కట్టించిన ఇంట్లో అన్నీ ఇనుప ఫ్రేముల కిటికీలే. కిందటేడు వానల్లో వంటింటి కిటికీ అద్దం ఎవరూ తాకకుండానే పగిలింది. "అన్నీ తీయించి అల్యూమినియంవి పెట్టిద్దాం" అన్నారు మావారు. ఖర్చు వినగానే నా గుండె గుభేలుమంది! తీరా చూస్తే ఫ్రేము గట్టిగానే ఉంది. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది కదా, ఆ ఉబ్బే అద్దాన్ని నొక్కి పగలగొట్టిందన్నమాట.

మీ ఇంట్లోనూ ఇవే ఉంటే ముందు స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. లోపలికి దిగిపోతే వెల్డింగ్ చేయించాల్సిందే. పైపై తుప్పయితే మనమే బాగుచేసుకోవచ్చు.

ఒక్క మాట మాత్రం మరచిపోకండి. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. ఇంటి రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. మించకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017లోనే! అందుకే పొడిగా గీకకండి. మాస్కు కట్టుకుని, తడుపుతూ వాటర్ పేపర్‌తో రుద్దండి. పసిపిల్లల్ని, గర్భిణుల్ని ఆ దరిదాపులకు రానివ్వకండి. రాలినదంతా తడిగుడ్డతో తుడిచెయ్యండి.

తడి పూర్తిగా ఆరాక ఆ రోజే రెడాక్సైడ్ పూయండి, ఆలస్యమైతే మళ్లీ తుప్పే. అది ఆరాక సుద్దపొడి, అవిసె నూనె కలిపి చపాతీ పిండిలా మెదిపిన లప్పంతో అద్దం బిగించండి. వారం పది రోజులకు లప్పం పైన గట్టిపడుతుంది. అప్పుడు ఎనామిల్ రంగు రెండు పూతలు వేయండి. బందుల్లో రెండు చుక్కలు కుట్టుమిషన్ నూనె వేస్తే కిర్రుమనవు.

ఈ ఏడు జడివానకి కూడా వంటింట్లోకి చుక్క రాలేదు. "పడగ్గది కిటికీ ఎప్పుడు మొదలెడతావ్?" అని ఇప్పుడు మావారే అడుగుతున్నారు!