గడ్డకట్టే లెక్క వేరు, గట్టు తెగే లెక్క వేరు

సిర్రోసిస్ రోగిని ఆసుపత్రిలో చేర్చారంటే ఇంటిల్లిపాదికీ ఒకటే ఆరా: ఐఎన్‌ఆర్ ఎంత వచ్చింది? రిపోర్టులో 2 అని పడితే చాలు, ‘రక్తం పలచబడిపోయిందట, ఎప్పుడైనా బ్లీడింగ్ కావచ్చట’ అని ఫోన్లు మొదలవుతాయి. ప్లాస్మా కోసం ఒకరు బ్లడ్ బ్యాంకుకు పరుగెత్తుతారు. ఆ పరుగు చాలాసార్లు వృథా అంటాను. ఒక్కోసారి హాని కూడా.

ఐఎన్‌ఆర్ పుట్టింది లివర్ రోగుల కోసం కాదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర వాడేవాళ్లకు ఏ ఊరి ల్యాబ్‌లో పరీక్ష చేసినా ఒకే లెక్క రావాలని 1980లలో తెచ్చిన కొలత అది. గడ్డకట్టించే కొన్ని ప్రోటీన్లనే చూస్తుంది. గడ్డకట్టకుండా అడ్డుకునే ప్రోటీన్-సి, యాంటీథ్రాంబిన్‌ల జోలికి పోదు. వాటినీ తయారుచేసేది లివరే. అది చెడితే రెండు పక్షాలూ కలిసే బలహీనపడతాయి. అందుకే ఐఎన్‌ఆర్ పెరిగిన రోగికే పేగుల నుంచి లివర్‌కు రక్తం తెచ్చే పోర్టల్ సిరలో రక్తం గడ్డకట్టడమూ వైద్యులకు కొత్త కాదు. లివర్ ఎంత దెబ్బతిందో ఐఎన్‌ఆర్ బాగానే చెబుతుంది, రక్తస్రావం జోస్యం మాత్రం దాన్ని అడగకూడదు.

సిర్రోసిస్‌లో ప్రాణం మీదికి తెచ్చే రక్తపు వాంతికి చాలావరకు కారణం ఒత్తిడి. గట్టిపడిన లివర్ పోర్టల్ సిర రక్తానికి దారి ఇవ్వదు. గుర్రపుడెక్క అడ్డుపడిన కాలువ నీళ్లు గట్టు మీదికి వచ్చినట్టు, ఆ రక్తం అన్నవాహిక అడుగున ఉన్న సన్నని సిరల్లోకి మళ్లుతుంది. మెడ సిరలోంచి గొట్టం పంపి ఈ ఒత్తిడిని కొలవొచ్చు. మామూలుగా 5 మి.మీ. దాటదు. 10కి చేరితే సిరలు ఉబ్బే ప్రమాదం, 12కి చేరితే పగిలే ప్రమాదం. ఈ కొలత అన్నిచోట్లా దొరకదు కాబట్టి ఎండోస్కోపీయే దిక్కు. సిరలెంత లావున్నాయి, వాటి మీద ఎర్రటి చారలున్నాయా, లివర్ జబ్బు తీవ్రతను చెప్పే చైల్డ్ తరగతుల్లో రోగి ఎక్కడున్నాడు: ఇటలీ వైద్యులు 1988లో ఈ మూడింటితోనే ప్రమాదాన్ని లెక్కగట్టారు. ఆ మూడింటినీ ఇప్పటికీ చూస్తున్నారు.

అలాగని అందరికీ ఎండోస్కోపీ చేయనక్కర్లేదు. కామెర్లు, పొట్టలో నీరు లాంటివి ఇంకా రాని రోగికి లివర్ గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్‌లో 20 కిలోపాస్కల్స్ లోపు, ప్లేట్‌లెట్లు లక్షన్నర పైన ఉంటే ఎండోస్కోపీ అప్పటికి మానవచ్చని 2015లో ఇటలీలోని బవేనోలో నిపుణులు తేల్చారు. ఇక్కడ ప్లేట్‌లెట్ల లెక్క చూసేది ప్రధానంగా ఒత్తిడి సంగతి తెలుసుకోవడానికి. ఒత్తిడి పెరిగితే ప్లీహం ఉబ్బి వాటిని తనలో పట్టి ఉంచుతుంది. డెంగీ కాలంలో ప్లేట్‌లెట్లు పెరగాలని బొప్పాయి ఆకు పిండుకుని తాగిన మనకు ఈ తేడా తలకెక్కడం కష్టమే.

ప్లాస్మా సంగతికి వస్తాను. ఒక్కో సంచి 200 మిల్లీలీటర్లకు పైనే. ఐఎన్‌ఆర్ కాస్త తగ్గాలంటే సంచుల మీద సంచులు ఎక్కించాలి. ఆ ద్రవమంతా చేరేది అసలే నిండిపోయిన సిరల్లోకి. ఉబ్బిన సిరలు పగిలినప్పుడు ప్లాస్మా వద్దని బవేనో నిపుణులు 2021 సమావేశంలో స్పష్టంగానే చెప్పారు. రక్తం ఎక్కించడంలోనూ అతి పనికిరాదు. బార్సిలోనా వైద్యులు 2013లో ప్రచురించిన పరిశోధనలో, హిమోగ్లోబిన్ 7 కంటే తగ్గాకే రక్తం ఎక్కించినవాళ్లు 9 కంటే తగ్గగానే ఎక్కించినవాళ్లకన్నా ఎక్కువమంది బతికారు.

ఒత్తిడి తగ్గించే కార్వెడిలాల్ మాత్ర చవకైనది. ఆస్తమా, బీపీ చూసి డాక్టరే రాయాలి. దాని గురించి అడిగే బంధువులు తక్కువ, ప్లాస్మా సంచుల లెక్క మాత్రం అందరికీ తెలుసు. విరేచనం తారులా నల్లగా అయితే, లోపల రక్తస్రావం కావచ్చని అనుకోకుండా, ఐరన్ మాత్రల వల్లేనని సరిపెట్టుకుని తెల్లవారేదాకా ఆగేవాళ్లూ ఉన్నారు. సిర పగిలితే 12 గంటల్లోపు ఎండోస్కోపీ జరగాలి. అర్ధరాత్రి ఆ పని చేసే ఆసుపత్రి దగ్గర్లో ఏదుందో రోగి కులాసాగా ఉన్నప్పుడే కనుక్కుని పెట్టుకోండి.