నర్సుల సంఘం పాత కాగితాలు మన ఇంటి కాగితాలే

క్రిస్మస్ దగ్గర పడితే మన ఇళ్లకు సున్నాలు కొడతాం. అటక మీది పెట్టెలు దించుతాం. పాత నోటు పుస్తకాలు, చెదలు తిన్న ఫైళ్లు, ఎవరెవరున్నారో తెలియని గ్రూపు ఫోటో, అన్నీ కలిపి పాత పేపర్లవాడికి తూకానికి వేస్తాం. ఆ పెట్టె ఒకప్పుడు మిషను ఆసుపత్రిలో నర్సుగా పనిచేసిన అవ్వదో, పెద్దమ్మదో అయితే మాత్రం కొంచెం ఆగమని ఈ వ్యాసం ద్వారా మిమ్మల్ని కోరుతున్నాను.

ఆసుపత్రికి వచ్చిన రోగిని డాక్టరుగారు మొదట అడిగే మాట మీకందరికీ తెలుసు: "పాత చీటీలు తెచ్చారా?" ఆ చీటీలు లేకపోతే ఏ మందు పడింది, ఏది పడలేదు, ఆపరేషన్ ఎప్పుడు జరిగింది అన్నది మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి. కాలం, డబ్బు రెండూ వృథా. ఒక వృత్తికి కూడా ఇంతే. నర్సింగ్ వృత్తికి పాత చీటీలు ఆ వృత్తివారి సంఘాల రికార్డులే: మినిట్స్ పుస్తకాలు, సభ్యుల పట్టికలు, ప్రభుత్వానికి రాసిన అర్జీలు, మహాసభల నివేదికలు, పత్రిక సంచికలు, ఫోటోలు.

మన దేశంలో నర్సుల జాతీయ సంఘానికి నూరేళ్లు దాటాయి. 1905లో లక్నోలో నర్సింగ్ సూపరింటెండెంట్ల సంఘం మొదలైంది. 1908లో ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ ఏర్పడింది. 1910 ఫిబ్రవరిలో నర్సింగ్ జర్నల్ ఆఫ్ ఇండియా అనే పత్రిక మొదటి సంచిక వెలువడింది. 1912లో ఈ సంఘం అంతర్జాతీయ నర్సుల సమాఖ్యలో చేరింది. 1922లో పై రెండు సంఘాలూ ఒకటయ్యాయి. 1929లో విద్యార్థి నర్సులకు కూడా ఒక సంఘం వచ్చింది. మిషను ఆసుపత్రుల వైపు చూస్తే, 1905లో మొదలైన వైద్య మిషనరీల సంఘం 1926లో క్రిస్టియన్ మెడికల్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా అని పేరు మార్చుకుంది. అందులో నర్సుల లీగ్ 1930లో ఏర్పడింది.

ఈ తేదీలు మనకెందుకు అనిపించవచ్చు. ఈనాడు నర్సుకు రిజిస్ట్రేషన్ నంబరు ఉంది, ఇన్నేళ్లు చదవాలన్న నియమం ఉంది, పరీక్ష ఉంది. ఇవేవీ ఊరికే రాలేదు. శిక్షణ పొందిన నర్సుకూ, ఆసుపత్రిలో చేతిసాయానికి పెట్టుకున్న మనిషికీ తేడా చట్టంలోనే ఉండాలని నర్సులు సంఘంగా కూడి అడిగారు. మన జిల్లా అప్పట్లో ఉన్న మద్రాసు రాష్ట్రంలో నర్సుల, మంత్రసానుల చట్టం 1926లో వచ్చింది. దేశమంతటికీ ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం 1947లో వచ్చింది. దానికి ఒక ఏడాది ముందు, 1946లో, భోర్ కమిటీ తన నివేదిక ఇచ్చింది. దేశం మొత్తానికి నర్సులు సుమారు 7,000 మంది మాత్రమే ఉన్నారని, అంటే 43,000 మంది జనాభాకు ఒక్క నర్సు అని అందులో లెక్క చెప్పారు. ఆ లెక్కను రాసి దాచిపెట్టారు కాబట్టే ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చామో ఈనాడు చెప్పగలుగుతున్నాం.

ఇందులో మన అనంతపురం జిల్లాకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. 1953 అక్టోబరు 1 వరకు మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. తర్వాత ఆంధ్ర రాష్ట్రం, 1956 నుంచి ఆంధ్రప్రదేశ్. 2014లో రాష్ట్రం మళ్లీ రెండైంది. మనం ఊరు కదలకుండానే మన ప్రభుత్వ కార్యాలయాలు మద్రాసు, కర్నూలు, హైదరాబాదు, అమరావతి అంటూ తిరిగాయి. వాటితో పాటే కాగితాలూ చెదిరాయి. మిషను ఆసుపత్రుల్లో చదివిన నర్సుల సంగతి ఇంకొంచెం వేరు. వారిలో చాలామంది పరీక్షలు నడిపింది ప్రభుత్వం కాదు, మిషను ఆసుపత్రులు కలిసి పెట్టుకున్న పరీక్షా బోర్డులు. కాబట్టి ఒక నర్సు చదువుకు, ఉద్యోగానికి సంబంధించిన ఆధారాలు మూడు నాలుగు చోట్ల ఉంటాయి. వాటిలో ఒక్కటి పోయినా గొలుసు తెగినట్టే.

గొలుసు తెగితే ఏమవుతుంది? సంఘ కుటుంబాలకు ఇది వివరించి చెప్పనక్కరలేదు. పుట్టిన తేదీకి బడి కాగితం లేనప్పుడు బాప్తిస్మపు రిజిస్టరు నకలు కోసం అయ్యగారి దగ్గరకు పరుగెత్తిన ఇళ్లు మనలో ఎన్నో ఉన్నాయి. నర్సుల విషయం కూడా అలాంటిదే. అమెరికా వంటి దేశాలకు వెళ్లదలచిన నర్సు మార్కులు, శిక్షణ వివరాలు ఆమె చదివిన స్కూలు నుంచే నేరుగా తమకు రావాలని అక్కడి సంస్థలు అడుగుతాయి. ఆ స్కూలు మూతపడి, రిజిస్టరు కూడా పోయి ఉంటే ఆమె చదువుకు సాక్ష్యం ఎవరు చెప్పాలి? ఇంటి పొలం ఎండిపోయినా అమ్మాయి నర్సింగ్ చదువుతో నిలదొక్కుకున్న కుటుంబాలకు ఆ రిజిస్టరు పొలం పాసుపుస్తకంతో సమానం.

ఉద్యోగం సంగతి అలా ఉంచితే, పేరు సంగతి ఇంకొకటి ఉంది. మిషను ఆసుపత్రుల చరిత్రలో డాక్టరు దొరసానుల పేర్లు మనకు తెలుసు. 1883లో గుంటూరు వచ్చిన అన్నా కుగ్లర్ డాక్టరమ్మ ఆ ఆసుపత్రి కథను తానే పుస్తకంగా రాశారు. అది 1928లో అచ్చయింది. లండన్ మిషనరీ సొసైటీ వారు బళ్లారి, కడప, గుత్తి, జమ్మలమడుగు ప్రాంతాల నుంచి పంపిన ఉత్తరాలు, నివేదికలు భద్రంగా ఉన్నాయి. ఆ సొసైటీ రికార్డులను 1973లో లండన్ విశ్వవిద్యాలయంలోని సోయాస్ గ్రంథాలయానికి అప్పగించారు. మన జమ్మలమడుగు ఆసుపత్రి తొలినాళ్ల గురించి పరిశోధించాలంటే ఈనాటికీ లండను వైపు చూడాల్సిందే.

ఆ ఉత్తరాలను దాచిన వారికి మనం కృతజ్ఞులమై ఉండాలి. అయితే అలాంటి నివేదికల్లో రాత్రి డ్యూటీ చేసిన నర్సు పేరు చాలాసార్లు కనిపించదు. "మా నర్సు ఒకతె" అని ఉంటుంది, అంతే. సంఘం నడిపిన వారిలో కూడా తొలి రోజుల్లో ఎక్కువమంది పాశ్చాత్య స్త్రీలే. మన ఊళ్ల నుంచి, అందులోనూ చదువు అందని కులాల నుంచి వెళ్లి నర్సులైన స్త్రీల పేరు, తండ్రి పేరు, ఊరి పేరు వరుసగా కనిపించేది మూడు చోట్లే: స్కూలు చేరిక పుస్తకం, పరీక్ష ఫలితాల పట్టిక, సంఘం సభ్యుల జాబితా. ఆ మూడూ పోతే ఆ స్త్రీలు కాన్పులు చేసి బతికించిన తల్లులు, బిడ్డలు ఉంటారు గాని ఆ స్త్రీలు మాత్రం ఎక్కడా ఉండరు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే.

ఇతర దేశాల వారు ఈ పని ఎలా చేశారో చూద్దాం. అమెరికాలో బోస్టన్ విశ్వవిద్యాలయం 1966లోనే నర్సింగ్ చరిత్ర కోసం ప్రత్యేక భాండాగారం పెట్టింది. అమెరికా నర్సుల జాతీయ సంఘం తన పాత రికార్డులను అక్కడే ఉంచింది. ఇంగ్లండులో రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్ వారు 1888 నుంచి 1956 వరకు వెలువడిన ఒక నర్సుల పత్రిక సంచికలన్నిటినీ కంప్యూటరులో చదువుకునేలా చేశారు. అక్కడ ఒక నర్సు తన ముత్తవ్వ పేరు వెతుక్కోవాలంటే ఇంట్లో కూర్చుని వెతుక్కోవచ్చు. 1910 నుంచి వస్తున్న మన నర్సింగ్ జర్నల్‌కూ, మన సంఘం మినిట్స్ పుస్తకాలకూ అంతటి గౌరవం దక్కాలి.

మన దేశంలో 1993లో పబ్లిక్ రికార్డుల చట్టం వచ్చింది. అది కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు, ప్రభుత్వ రంగ సంస్థలకు వర్తిస్తుంది. సభ్యుల చందాతో నడిచే సంఘానికి, మిషను నర్సింగ్ స్కూలుకు అది వర్తించదు. అంటే వీటిని దాచమని చట్టం ఎవరినీ బలవంతపెట్టదు. మనకు మనమే దాచుకోవాలి. పైగా ఇది మార్పుల కాలం. 2023లో పార్లమెంటు నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. 1947 నాటి కౌన్సిల్ చట్టం స్థానంలో తెచ్చిన చట్టమిది. పాత సంస్థ పోయి కొత్త సంస్థ వచ్చేటప్పుడు బీరువాలు మారతాయి, గదులు మారతాయి. ఇల్లు మారేటప్పుడు సామాను పోయినట్టే కాగితాలు పోయేది కూడా అప్పుడే. కాబట్టి జాతీయ సంఘం పెద్దలు, రాష్ట్ర శాఖలవారు, మిషను బోర్డులవారు తమ వద్ద ఏమేమి ఉన్నాయో ఇప్పుడే పట్టిక రాయాలని నా మనవి. నిర్వహించలేని వాటిని విశ్వవిద్యాలయానికో, ప్రైవేటు వ్యక్తుల, సంస్థల పత్రాలను కూడా స్వీకరించే జాతీయ పురాభిలేఖాలయానికో అప్పగించవచ్చు.

"మందులకే డబ్బు చాలని చోట పాత కాగితాలకు ఖర్చా?" అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఒక ఇనుప బీరువా, కొంత నూలు గుడ్డ, పట్టిక రాయడానికి ఓపిక ఉన్న ఒక రిటైర్డ్ సిస్టర్ లేదా టీచరు ఉంటే పని మొదలవుతుంది. పెద్ద ఖర్చు స్కానింగుకే. అది తర్వాత నిదానంగా చేసుకోవచ్చు. మన జిల్లాకు ఏడాదిలో పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. శెనక్కాయ పంటకు అది కష్టమే గాని, గాలిలో తేమ తక్కువగా ఉండటం కాగితానికి మేలు. కోస్తాలో బూజు పట్టే పుస్తకం ఇక్కడ ఇంకొన్నేళ్లు నిలుస్తుంది. మనం జాగ్రత్త పడాల్సింది చెదలు, దుమ్ము, ఎండల విషయంలో.

సొంత ప్రాంతం వారే పూనుకుంటే ఏమవుతుందో రాయలసీమలో ఇప్పటికే చూశాం. కడపలో సి.పి. బ్రౌన్ నివసించిన బంగళా శిథిలమై పోయిన చోట, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదలతో ఈనాడు బ్రౌన్ గ్రంథాలయం నిలిచి ఉంది. చందాలు పోగుచేసి, పది మంది చేతులు కలిపి చేసిన పని అది. పండితుల తాళపత్రాలకు చేయగలిగిన పని నర్సమ్మల రిజిస్టర్లకు చేయలేమా?

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. రోగుల కేస్ షీట్లు వేరు, వృత్తి సంఘం రికార్డులు వేరు. రోగి జబ్బు వివరాలు రహస్యంగా ఉంచవలసినవి. చరిత్ర పేరుతో వాటిని ఎవరికీ చూపకూడదు. ఇన్‌పేషెంట్ల రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి 3 ఏళ్లు ఉంచాలని వైద్యులకు 2002 నాటి నియమావళి చెబుతోంది. ఆ తర్వాత ఏం చేయాలో ఆసుపత్రివారే పద్ధతి ప్రకారం చూసుకుంటారు. నేను దాచమంటున్నది చేరిక పుస్తకాలు, సమావేశాల మినిట్స్, సభ్యత్వ కార్డులు, పాత పత్రికలు, ఫోటోలు మాత్రమే.

గార్లదిన్నెలోనూ, చుట్టుపక్కల ఊళ్లలోనూ ఉన్న సంఘ కుటుంబాలు చేయగలిగినవి ఇవి:

1. ఇంట్లో నర్సుగా పనిచేసిన పెద్దవారి సర్టిఫికెట్లు, సంఘం సభ్యత్వ కార్డు, బ్యాడ్జి, నర్సింగ్ జర్నల్ పాత సంచికలు, గ్రూపు ఫోటోలు ఉంటే వేరుగా తీసిపెట్టండి.

2. ఫోటో వెనుక పెన్సిల్‌తో పేర్లు, ఊరు, సంవత్సరం రాయండి. పెన్ను వాడవద్దు. పేర్లు చెప్పగల అవ్వ బతికి ఉండగానే అడిగి రాయించుకోండి.

3. చిరిగిన చోట సెలోటేపు అంటించకండి, లామినేషన్ చేయించకండి. రెండూ కాలం గడిచేకొద్దీ కాగితాన్ని పాడుచేస్తాయి. తుప్పు పట్టిన గుండుసూదులు తీసేయండి.

4. శుభ్రమైన నూలు గుడ్డలో చుట్టి, నేలకూ గోడకూ తగలకుండా పెట్టండి. మూడు నెలలకోసారి తెరిచి చెదలు చూసుకోండి.

5. సెల్‌ఫోన్‌తో ఫోటో తీసి ఇద్దరు ముగ్గురి దగ్గర ఉంచండి. ఫోటో తీశాం కదా అని అసలు కాగితం పారేయవద్దు.

6. ఇవ్వడం ఇష్టం లేకపోతే ఇవ్వనక్కరలేదు. మీ దగ్గర ఏముందో ఆసుపత్రివారికో, అయ్యగారికో చెప్పి పట్టికలో రాయించండి. అది కూడా గొప్ప సాయమే.

మన మండలంలో పెనకచెర్ల దగ్గరి మిడ్ పెన్నార్ డ్యామ్ సంగతి మీకు తెలిసిందే. నీళ్లు ఎక్కడో తుంగభద్ర నుంచి కాలువ పట్టి వస్తాయి. ఇక్కడ ఆపి నిలబెట్టుకున్నారు కాబట్టే కింద పొలాలకు అందుతున్నాయి. నర్సింగ్ చదువు కూడా మన ఊళ్లకు దూరం నుంచే వచ్చింది. వచ్చినదాన్ని మన ఆడపిల్లలు కష్టపడి సొంతం చేసుకున్నారు. ఆ కష్టానికి రాతపూర్వకమైన సాక్ష్యం ఢిల్లీలో కొంత, చెన్నైలో కొంత, లండనులో కొంత ఉంది. మన ఇళ్లలోనూ కొంత ఉంది. దూరంలో ఉన్నవాటి కోసం సంఘం పెద్దలను అడుగుదాం. మన చేతిలో ఉన్నది మాత్రం ఈ వారమే తీసి దుమ్ము దులుపుదాం.